పీటతో సహా పందొమ్మిది అంగుళాలు

మా ఆఫీసులో పని జరగదని జనం అంటుంటారు. అది అన్యాయం. పడవ వెనక బిగించిన ఒక పాత మోటారుని నాలుగంగుళాలు కిందకి దించాలన్న అర్జీ మీద మా ఆఫీసు ఏడు నెలల పాటు ఆదివారాలు కూడా మానుకుని పనిచేసింది. ఆ ఏడు నెలల్లో మేము ఏటిని పైకి లేపాం. పడవని కిందకి దించాం. ఏడుగురికి ఉద్యోగాలిచ్చాం. మూడు వందల పుటల ఫైలు తయారుచేశాం. మోటారు ఒక్కటే దిగలేదు. ఆ ఫైలు రాసిన చెయ్యి నాదే కనక జరిగింది జరిగినట్టు చెప్పే అర్హత కూడా నాకే ఉంది.

మాది ఏటి ప్రయాణాల ఉపకార్యాలయం. మా అధీనంలో ఒక రేవు, ఒక పడవ, ఒక మోటారు ఉన్నాయి. వీటిని చూసుకోవడానికి పదకొండు మందిమి ఉన్నాం. ఏటి నడిమధ్యన గవ్వల్లంక అనే ఊరుంది. మూడు వందల గడప. వాళ్ళకి బడి కావాలన్నా, బజారు కావాలన్నా, ఆసుపత్రి కావాలన్నా మా పడవే దిక్కు. పడవ నడిపేవాడు కొల్లాటి పేరయ్య. అతని తండ్రి కూడా మా పడవే నడిపాడు. ఏటి మీద పుట్టి పెరిగిన మనిషి కనక పేరయ్యకి నీళ్ళ గురించి అన్నీ తెలుసు, ఆఫీసు గురించి ఏమీ తెలియదు.

మోటారు యాభై మూడేళ్ళ కిందట విదేశం నుంచి వచ్చింది. పడవ వెనకచెక్కకి బయట తగిలించే రకం. పైన ఇంజను, కింద పొడుగాటి కాలు, కాలి చివర నీళ్ళలో తిరిగే ఫ్యాను. అది వచ్చిన రోజున మద్దిచెక్క పీటకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని మీద మోటారుని నిలబెట్టి పూజ మొదలెట్టారట. పెళ్ళికొడుకునయినా పీట మీదే కూర్చోబెడతాం కదా, సముద్రాలు దాటి వచ్చిన మోటారుని వట్టి చెక్క మీద ఎలా పెడతామని పెద్దలు అన్నారట. ఇంతలో ముహూర్తం మించిపోతోందని తొందర పుట్టింది. పూజలో ఉన్న వస్తువుని పీట మీద నుంచి దింపకూడదు. అందుకని పీటనే నిలువుగా తిప్పి పడవ వెనకచెక్కకి మేకులతో కొట్టేశారు. దాని పై అంచుకి మోటారు బిగించారు. కొబ్బరికాయ కొట్టారు. పీట వెనకచెక్క కంటే నాలుగంగుళాలు పైకి వచ్చింది. ఆనాటి గుమస్తా పడవ అడుగు నుంచి టేపు పట్టి కొలిచి, స్టాకు రిజిస్టరులో "మోటారు బిగింపు ఎత్తు, పీటతో సహా, పందొమ్మిది అంగుళాలు" అని ఎక్కించాడు. అప్పటి నుంచి ఏటా స్టాకు తనిఖీలో ఎవరో ఒకరు కొలవడం, పందొమ్మిది అని టిక్కు పెట్టడం ఆనవాయితీ. నేను స్వయంగా ఇరవై రెండు టిక్కులు పెట్టాను.

పాత చెక్కనావ ఉన్నంత కాలం ఇబ్బంది రాలేదు. అది నీళ్ళు పీల్చి పీల్చి బరువెక్కి, వెనక భాగం బాగా దిగిపోయి ఉండేది. పీట ఉన్నా ఫ్యాను నీళ్ళలోనే తిరిగేది. నావ శిథిలమయ్యాక కొత్తగా ఫైబరు పడవ ఇచ్చారు. తేలికైన పడవ, ఏటి మీద ఎత్తుగా తేలుతుంది. పాత మోటారుని "యథాతథంగా" కొత్త పడవకి మార్చమని ఉత్తర్వు వచ్చింది. యథాతథంగా అంటే పీటతో సహా అని మేము అర్థం చేసుకున్నాం. పీట ఊడదీసి, అలాగే పైకి నాలుగంగుళాలు వదిలి, కొత్త పడవకి కొట్టించాం. పూర్వం ఇరవై నిమిషాలు పట్టే దారికి గంటంబావు పట్టడం మొదలైంది.

పేరయ్య వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఫ్యాను సగం నీళ్ళలోనూ సగం గాల్లోనూ తిరుగుతుందండి. అరుపే గానీ నడక లేదు. ఆ పీట పీకేసి ముసల్దాన్ని నాలుగంగుళాలు కిందకి దింపితే సరిపోద్దండి. రెండు మరలండి అంతే. సుట్ట కాల్సినంత సేపు కూడా పట్టదు. తవరు ఊ అంటే ఇప్పుడే ఎల్లి దింపేత్తాను."

నేను ఊ అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ముప్పై ఏళ్ళ సర్వీసులో నోటితో ఊ అన్న పాపాన పోలేదు నేను. అర్జీ రాసి ఇవ్వమన్నాను. అతనికి రాయడం అంతగా రాదంటే నేనే దయతలచి రాసిపెట్టాను, వేలిముద్ర వేయించాను. ఇప్పటికీ ఆ అర్జీ కాగితం తలుచుకుంటే నాకు నా మీద ఒళ్ళు మండుతుంది.

అతని తొందరకి కారణం ఉంది. అతని అక్క చిలకమ్మ మొగుడు తాతబ్బాయి లంకలో కొబ్బరి దింపు పనివాడు. రెండేళ్ళ కిందట మూత్రపిండాలు చెడిపోయాయి. ప్రతి మంగళవారం, శుక్రవారం ఏరు దాటి పట్నం ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకోవాలి. ఒంట్లో చేరిన నీళ్ళు వాళ్ళు మిషను పెట్టి తీస్తారు. మళ్ళీ వెళ్ళేదాకా రోజుకి ఇన్ని గుక్కలని కొలుచుకుని తాగాలి. పడవ ఆలస్యమైతే ఆసుపత్రిలో వంతు పోతుంది. వంతు పోతే ఆయాసం వస్తుంది. ఇది పేరయ్య చెప్పాడు. అర్జీలో రాయడానికి అది సంబంధిత విషయం కాదు కనక నేను రాయలేదు.

అర్జీ వెళ్ళిన వేళకి మా ఉపసంచాలకులు శ్రీ పరాంకుశంగారు రాజధానిలో వారసత్వ సంపద మీద రెండు రోజుల శిక్షణ పొంది అప్పుడే తిరిగొచ్చారు. కొత్తగా దీక్ష తీసుకున్నవాళ్ళకి ఉండే ఉత్సాహం ఆయనకి వచ్చింది. యాభై ఏళ్ళు దాటిన వస్తువు ఏదైనా వారసత్వ సంపదేనని, దాన్ని కదపరాదు, తగ్గించరాదు, పెంచరాదు అని సర్క్యులరు ఇచ్చారు. ఆఫీసులో పాత బీరువాకి, గోడగడియారానికి, కాలు విరిగిన కుర్చీకి ఇత్తడి బిళ్ళలు కొట్టించారు. కుర్చీ కాలు బాగుచేయించడం నేరమైంది. యాభై ఆరేళ్ళున్న నాకు మాత్రం ఏ బిళ్ళా రాలేదు. మోటారుకి ఏడో నంబరు బిళ్ళ, పీటకి ఎనిమిదో నంబరు బిళ్ళ వచ్చాయి.

అర్జీ చదివి పరాంకుశంగారు నన్ను లోపలికి పిలిచారు. ఆయన మామూలు మాటలు కూడా ఉత్తర్వు చదివినట్టే మాట్లాడతారు.

"చూడండి ముక్తేశ్వర్రావుగారూ, ఈ సమస్యలో ఇమిడి ఉన్న అంశాలు మూడు. ఒకటి మోటారు, రెండు నీరు, మూడు పడవ. మొదటి అంశం వారసత్వ పరిధిలోకి వస్తున్నందున సదరు ఎత్తులో మార్పునకు అవకాశం లేదు. మిగిలిన రెండు అంశాలనూ సానుకూల దృక్పథంతో పరిశీలిద్దాం. మోటారు నీటి వద్దకు దిగలేని పరిస్థితిలో నీరే మోటారు వద్దకు రావలసి ఉంటుంది."

ఈ వాదంలో తప్పు పట్టడానికి నాకు ఏమీ కనబడలేదు. పైన లాకులున్నాయి. లాకుల ఇంజనీరుకి ఏటి నీటిమట్టం నాలుగంగుళాలు పెంచమని లేఖ రాశాం. ఆయన సూత్రప్రాయంగా తనకి అభ్యంతరం లేదని, అయితే పెంచవలసిన నాలుగంగుళాలు ఏ వైపు నుంచి కొలవాలో స్పష్టపరచమని జవాబు రాశాడు. పైనుంచి అని మేము, కిందనుంచి అని ఆయన, మధ్యన రెండు నెలలు గడిచాయి. చివరికి ఒక సోమవారం ఉదయం రేవులో షామియానా వేశాం. స్తంభానికి అంగుళాల గీతలు గీయించాం. లాకులు ఎత్తారు. నీరు ఒకటో గీత దాటింది, రెండో గీత దాటింది, నాలుగో గీత దగ్గర నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. లంకలో పల్లపు గట్ల మీది కందపాదులు మునిగాయని తరవాత తెలిసింది, అది వేరే శాఖ చూసుకునే విషయం.

పరాంకుశంగారు చెయ్యి ఊపారు. పేరయ్య తాడు లాగాడు. మోటారు వెనకటిలాగే గొంతు చించుకుంది, ఫ్యాను వెనకటిలాగే సగం గాల్లో తిరిగింది, పడవ వెనకటిలాగే ఈడ్చుకుంటూ కదిలింది.

పరాంకుశంగారు స్తంభాన్ని చూశారు, పడవని చూశారు. నీళ్ళు పెరిగినా ఫ్యాను ఎందుకు మునగలేదని పేరయ్యని అడిగారు.

"నీళ్ళతో పాటు పడవా లేసిందండి."

ఆయన శాంతంగా అడిగారు. "ఎవరి అనుమతితో?"

నీటిమట్టంతో పాటు పడవ కూడా పైకి లేవడానికి గల కారణాలను మూడు రోజుల్లోగా తెలియజేయాలని పేరయ్యకి మెమో ఇచ్చాను. తనకి ఊహ తెలిసినప్పటి నుంచీ పడవలన్నీ అలాగే చేస్తున్నాయని, ఇందులో తన ప్రోద్బలం ఏమీ లేదని అతను చెప్పాడు, నేను రాసుకున్నాను. ఈ జవాబు సంతృప్తికరంగా లేదని పరాంకుశంగారు మార్జిన్లో రాశారు.

ఇక మిగిలింది మూడో అంశం, అంటే పడవ. నీరు పైకి లేస్తే పడవ కూడా లేస్తోంది కనక పడవనే కిందకి నొక్కి పట్టాలి. వెనక బరువు పెడితే వెనకచెక్క దిగుతుంది, దానితో పాటు ఫ్యానూ దిగుతుంది, బిళ్ళ ఉన్న ఎత్తు మాత్రం చెక్కుచెదరదు. ముందు ఇసక బస్తాలు అనుకున్నాం. ఏటి ఒడ్డున ఉండి కూడా బస్తాడు ఇసక తీయడానికి గనుల శాఖ అనుమతి కావాలి. అందుకని ఇసకకి బదులు మనుషులని పెట్టాలని నిర్ణయం జరిగింది. మనుషులకి గనుల శాఖ అనుమతి అక్కర్లేదు.

"వెనుక బరువు సహాయకులు" అని ఆరు పోస్టులు వచ్చాయి. విధి, పడవ వెనక భాగంలో కూర్చోవడం. అర్హత, అరవై కిలోలకు తక్కువ కాని శరీరం. ఎంపిక రోజున మా వరండా కిక్కిరిసింది. ఒకాయన తెల్లారి నుంచీ గంజి తాగుతూ కూర్చున్నాడు. పెద్దవాళ్ళ సిఫారసు చీటీ తెచ్చిన ఒక సన్నపాటి అల్లుడుగారి జేబుల్లోంచి తూకపు రాళ్ళు రెండు రాలాయి. ఆయన్ని పంపెయ్యలేక "బరువుల పర్యవేక్షకుడు" అని ఏడో పోస్టు పుట్టించాం, దానికి బరువు అక్కర్లేదు. ఆయన పేరు ఉమామహేశ్వరం. రెండు రేవుల్లోనూ కాటాలు పెట్టించి, సహాయకులని ఎక్కే ప్రతిసారీ తూచి, అరవైకి తగ్గినవాళ్ళని ఎక్కనివ్వకపోవడం ఆయన పని.

ఆరుగురూ వెనక కూర్చున్నారు. పడవ వెనకచెక్క దిగింది. ఫ్యాను ముప్పాతిక భాగం మునిగింది. గంటంబావు దారి గంటకి వచ్చింది. పరాంకుశంగారు దీన్ని విజయమని పైకి రాశారు. ఒక చిన్న ఇబ్బంది మాత్రం మిగిలింది. పడవలో ఎనిమిది మందికి మించి ఎక్కకూడదని సర్టిఫికెట్టులో ఉంది. ఆరుగురు బరువులు, ఒక పేరయ్య పోగా ప్రయాణికుడికి మిగిలింది ఒక్క చోటు. గవ్వల్లంక జనం వరస నంబర్లు రాసుకుని గట్టు మీద కూర్చోవడం మొదలెట్టారు. బడి పంతులమ్మకి నంబరు వచ్చేసరికి బడి వదిలే వేళయ్యేది. మొదటి మంగళవారం తాతబ్బాయికి వచ్చిన నంబరు ఇరవై మూడు.

ఆ మంగళవారం అతను ఆసుపత్రికి వెళ్ళలేదు. శుక్రవారం పేరయ్య తన చోట్లో బావని కూర్చోబెట్టి, తాను పడవ అంచున వేలాడుతూ మోటారు పట్టుకుని తీసుకొచ్చాడు. అందుకు మరో మెమో వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే బరువుల్లో ఒకతను పెళ్ళిళ్ళ వంటలకి వెళ్ళిపోయాడు, ఖాళీ వచ్చింది. ఆ దారి నాకే తట్టింది. తాతబ్బాయిని సహాయకుడిగా వేసేస్తే నంబరు లేకుండా రోజూ పడవ ఎక్కవచ్చు. ఒకప్పుడు డెబ్బై అయిదు కిలోల మనిషి, రోగంతో చిక్కిపోయాడు. అయినా కాటా ఎక్కిస్తే అరవై ఒకటిన్నర చూపించింది. నేనే నియామకం కాగితం రాశాను. ఒక మంచి పని చేశానని ఆ రోజు ఇంటికి వెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పుకున్నాను.

ఆ అరవై ఒకటిన్నరలో మూడు కిలోలు ఒంట్లో నిలిచిన నీళ్ళని నాకు తెలియదు.

ఆసుపత్రి వాళ్ళు ఆ మూడు కిలోలూ తీసేసి పంపారు. తిరుగు ప్రయాణంలో ఉమామహేశ్వరం తూచాడు. యాభై ఎనిమిదిన్నర. వెనుక బరువు సహాయకుడికి అర్హత చాలదు. ప్రయాణికుడిగా ఎక్కుదామంటే ఆ చోటుకి ముందు పద్దెనిమిది మంది ఉన్నారు. ఉమామహేశ్వరం చెడ్డవాడు కాదు, పోస్టు పోతుందన్న భయం ఉన్నవాడు. రేవు వెనక హోటలు పంపు చూపించి, లీటరున్నర నీళ్ళు తాగి వస్తే కిలోన్నర పెరుగుతుందని సలహా చెప్పాడు.

తాతబ్బాయి వెళ్ళి తాగాడు. కాటా అరవై చూపించింది. ఎక్కాడు.

మూడు వారాలు అలా జరిగింది. పేరయ్య పడవలో చేరిన నీళ్ళు తోడుకునే వేళకి అతను పంపు దగ్గరకి వెళ్ళి వచ్చేవాడు. బావమరిదికి తెలిస్తే గొడవ చేసి ఉద్యోగం పోగొట్టుకుంటాడని చెప్పలేదు. ఆసుపత్రిలో నర్సు, ఇంతింత నీళ్ళు ఎందుకు తాగుతున్నాడు, చంపుకుంటావా మొగుణ్ణి అని చిలకమ్మని కేకలేస్తే అప్పుడు బయటపడింది.

ఆ మధ్యాహ్నం పేరయ్య ఆఫీసుకి వచ్చాడు. రమ్మన్నా బల్ల దగ్గరకి రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఆసుపత్రిలో తీసిన నీళ్ళు మా బావ రేవులో మళ్ళీ తాగుతున్నాడండి. మీ కాటా కోసం. ఇదేం పద్ధతండి?"

ఫైలు పైకి వెళ్ళిందని, రాగానే చూద్దామని చెప్పాను. ఇంకేం చెప్పగలను, ఫైలు నిజంగానే పైకి వెళ్ళింది. అతను నన్ను ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. సాయంత్రం లంక రేవులో పలుగు పెట్టి పీట ఊడబీకాడు. మోటారు రెండు మరలు వదులు చేసి వెనకచెక్క మీదకి దించి బిగించాడు. సుట్ట కాల్చినంత సేపు కూడా పట్టలేదట.

తరవాత పందొమ్మిది రోజులు గవ్వల్లంకకి రాకపోకలు సాగాయి. ఇరవై నిమిషాలకి ఒక ఒడ్డు. బరువులు అయిదుగురూ ఒడ్డున కొబ్బరిచెట్ల కింద హాజరు వేసుకుని పడుకునేవాళ్ళు, వాళ్ళకీ, తూచే పని తప్పిన ఉమామహేశ్వరానికీ సుఖంగానే ఉంది. ఏడుగురు జనం ఎక్కేవాళ్ళు. లంకలో ఓటర్ల జాబితా పని ఉండి నేనూ ఒకసారి ఎక్కాను. మోటారు అరవలేదు, పని చేసుకునే మనిషిలా గొణుక్కుంటూ పోయింది. ఊడబీకిన పీట పడవ అడుగున వేసి ఉంది, దాని మీద తాతబ్బాయి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. గట్టు వెంబడి చెట్లు చూపిస్తూ తాను ఎక్కినవి, ఎక్కనివి చెప్పాడు. ఎక్కనివి రెండే ఉన్నాయి. ఒళ్ళు కుదుటపడ్డాక వాటి పని చూస్తానన్నాడు. పీట సంగతి నేను చూశాను, చూడనట్టు ఊరుకున్నాను. నా సర్వీసులో నేను చేసిన ఒకే ఒక్క పని అదే అనుకుంటాను.

కానీ జరగకూడనిది జరిగింది. గవ్వల్లంక నుంచి ఫిర్యాదులు రావడం ఆగిపోయింది. రోజుకి మూడు చొప్పున వచ్చే ఆఫీసులో పందొమ్మిది రోజులు ఒక్కటీ లేకపోయేసరికి పరాంకుశంగారికి అనుమానం వచ్చింది. అక్కడ ఏదో నిబంధనలకి విరుద్ధంగా జరుగుతూ ఉండాలన్నారు. టేపు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని రేవుకి వచ్చారు. స్వయంగా వంగి కొలిచారు. పదిహేను అంగుళాలు.

మర్నాడు విచారణ జరిగింది. నేను రాసుకుంటున్నాను.

"రికార్డుల ప్రకారం మోటారు ఎత్తు పందొమ్మిది అంగుళాలు. ప్రస్తుతం భౌతికంగా ఉన్నది పదిహేను. లోటు నాలుగు అంగుళాలు. ప్రభుత్వానికి చెందిన ఆ నాలుగు అంగుళాలను నీవు ఏమి చేశావు?" అని పరాంకుశంగారు అడిగారు.

"నీళ్ళలో పెట్టానండి" అన్నాడు పేరయ్య.

"వారసత్వ సంపద ఎనిమిదో నంబరు పీట ఎక్కడ?"

"దాని మీద మనిసి కూకున్నాడండి. పీటలు అందుకేగదండి."

నాలుగంగుళాల వారసత్వ ఎత్తును ఏటిలో కలిపివేసినట్టు, ఎనిమిదో నంబరు ఆస్తిని అనధికార వ్యక్తి ఆక్రమణకు అప్పగించినట్టు ముద్దాయి స్వయంగా ఒప్పుకున్నాడని రిపోర్టు వెళ్ళింది. పేరయ్యని సస్పెండు చేశారు. పీటని కడిగి, పసుపు రాసి, మళ్ళీ పూజ చేసి, కొత్త మేకులతో కొట్టారు. మోటారు మరల మీద లక్కతో సీలు వేశారు. టేపు పందొమ్మిది చూపించింది. బరువులు అయిదుగురినీ లేపి పడవ ఎక్కించారు. ఆరోవాడు తాతబ్బాయి. స్టోర్సులో ఉన్న ఒకాయన్ని డ్రైవరుగా వేశారు.

నాకు కోపం వచ్చింది. నా కోపం ఆఫీసు కోపం, బీరువాల్లో వెతకడంతో తీరేది. రెండు రోజులు దుమ్ములో కూర్చుని యాభై మూడేళ్ళ నాటి అసలు రిజిస్టరు పట్టుకున్నాను. మేము ఏళ్ళ తరబడి చూస్తున్నది దానికి నకలు. నకలు రాసినవాడు రిమార్కుల గడి అవసరం లేదని వదిలేశాడు. అసలులో ఆ గడి ఉంది. పందొమ్మిది అంగుళాలు అన్న చోటికి ఎదురుగా, గుండ్రటి అక్షరాలతో, మొదటి అధికారి సంతకంతో ఒక వాక్యం ఉంది. "పూజ పూర్తి అయిన పిమ్మట పీట తీసివేయవలెను."

పరుగున తీసుకెళ్ళి పరాంకుశంగారి ముందు పెట్టాను. యాభై మూడేళ్ళుగా అమలు కాని ఉత్తర్వు ఇదని, దీని మేరకు పీట తీసెయ్యవచ్చని నోటు కూడా రాశాను. ఆయన ఆ పుట చదివారు. రెండోసారి చదివారు. కళ్ళు చెమర్చాయి.

"అమూల్యమైన పత్రం. ఈ రిజిస్టరు వయస్సు యాభై మూడేళ్ళు. ఇందులోని ఏ అక్షరాన్నీ ఇకపై ఎవరూ ముట్టుకోకూడదు, దీనిపై ఎలాంటి చర్యా తీసుకోకూడదు."

రిజిస్టరుకి తొమ్మిదో నంబరు బిళ్ళ వచ్చింది. వరండాలో అద్దాల పెట్టె చేయించి, ఆ పుట తెరిచి అందులో పెట్టారు. వచ్చేపోయే వాళ్ళంతా చదవవచ్చు.

తరవాతి శుక్రవారం తాతబ్బాయి ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్నాడు. కాటా యాభై ఎనిమిది చూపిస్తే రెండు లీటర్లు తాగి ఎక్కాడు. ఏటి నడిమధ్యన ఆయాసం మొదలైంది. వెనక్కి తిప్పమని బరువులు అరిచారు. తిప్పారు. పదిహేను అంగుళాల మీద ఆ దూరం పది నిమిషాలు. పందొమ్మిది మీద మోటారు గొంతు చించుకుంటూ అరగంట దాటించింది. మనిషి తలని ఒడిలో పెట్టుకున్న బరువు చెప్పాడు, రేవు కనబడుతూండగానే పోయాడని.

ఆ రోజు ప్రయాణం మీద రిపోర్టు కావాలన్నారు పరాంకుశంగారు. మార్గమధ్యంలో ఒక సహాయకుడు మరణించినప్పటికీ అతని బరువులో తగ్గుదల లేనందున నిబంధన ఉల్లంఘన జరగలేదు అని ఆయన చెప్పారు, నేను రాశాను. కింద ఒక పోస్టు ఖాళీ అయినట్టు కూడా రాశాను.

పదిహేను రోజుల తరవాత సస్పెన్షను కాగితం మీద సంతకం పెట్టడానికి పేరయ్య వచ్చాడు. వేలిముద్ర వేయించబోతే వద్దని, కూడబలుక్కుంటూ తన పేరు తానే రాశాడు. బావ పోయినందుకు రెండు మాటలు చెప్పాలని నేను నోరు తెరిచాను, తేదీ కూడా వెయ్యమన్నాను. అతను వరండాలోకి వెళ్ళి అద్దాల పెట్టె దగ్గర ఆగాడు. అక్షరం అక్షరం కూడుకుంటూ, వేలు అద్దం మీద జరుపుకుంటూ, ఆ వాక్యం చివరిదాకా చదివాడు. చాలాసేపు పట్టింది. తరవాత నా వైపు తిరిగాడు.

"అయ్యా, ఆ పూజ ఇంకా అవలేదాండి?"

"పరిశీలనలో ఉంది" అన్నాను. ముప్పై ఏళ్ళ అలవాటు.